మోడెం నోరు నొక్కేసిన రోజులు

ఏటీ ఎమ్ సున్నా. ఈ ముక్క అర్థమయ్యేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలారో గానీ 2002 లో బెంగళూరులో మా రూముకి అది శాసనం. మోడెం అంటే ఫోన్ లైను మీద డయల్ చేసి కంప్యూటర్ని ఇంటర్నెట్ కి కలిపేది, దానికి ఇచ్చే ఆర్డరు అన్నమాట, నోర్మూసుకుని డయల్ చెయ్యి అని. డయల్ చేసేప్పుడు అది కీచుమని, గుర్రుమని, మధ్యలో బొయ్ బొయ్ మని చేసే గోల మొత్తం ఆ సున్నాతో బంద్. మేం ఎందుకు బంద్ చేశామంటే ఓనరు గారికి వినపడకూడదని, అంతకుమించి టెక్నికల్ కారణం ఏమీ లేదు.

అప్పుడు మేం ఉన్నది రామ్మూర్తి నగర్లో. టిన్ ఫ్యాక్టరీ స్టాపులో దిగి నడుచుకుంటూ పోవాలి, కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి ఇంకా కడుతూనే ఉన్నారు, ఆ దుమ్మంతా మా చొక్కాల మీదే. ముగ్గురం, నేను తణుకు, ఒకడు నెల్లూరు, ఇంకోడు కడప, పేర్లెందుకులెండి ఇప్పుడు అందరూ పెద్దమనుషులైపోయారు. కింద ఒక రూము, వంటగది అనబడే ఒక గూడు మాకు, పైన ఓనర్లు. పెద్దాయనది కోలార్ వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మా తెలుగుకీ ఆ తెలుగుకీ మొదటి నెల కొంచెం ఇబ్బంది అయింది గానీ తర్వాత అలవాటైపోయింది. ఆయన ఐటీఐలో చేసి రిటైరయ్యారు. ఐటీఐ అంటే ఫిట్టరూ వెల్డరూ నేర్పే స్కూలు కాదు, ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1948 లో పెట్టింది, స్వతంత్రం వచ్చాక మొదటి ప్రభుత్వరంగ కంపెనీ అదే. ఆ ఏరియాకి దూరవాణి నగర్ అని పేరు రావడం కూడా దానివల్లే. ఒకప్పుడు మన ఇళ్ళల్లో వేలు పెట్టి తిప్పే నల్ల ఫోన్లు చాలావరకు అక్కడ తయారైనవే.

ఇంతటి మనిషి పైన ఉన్నాడని తెలిసి కూడా మాకు బుర్ర వెలగలేదు, ఆయన్ని మేం ఫోన్ బిల్లు అడిగే మనిషిగానే చూశాం.

ఫోన్ సంగతి ఏంటంటే, లైను ఆయనదే. దాన్నుంచి ఒక వైరు లాగి కింద మాకు పారలల్ పెట్టించారు, పెట్టించడం ఏంటి ఆయనే నిచ్చెనేసుకుని స్వయంగా లాగారు. షరతులు మూడు. బిల్లులో మీటరు చూసి మా వాటా మేం ఇవ్వాలి, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ముట్టుకోకూడదు ఎందుకంటే వాళ్ళమ్మాయి మైసూరు నుంచి ఫోన్ చేస్తుంది, మూడోది రాత్రిపూట గోల చెయ్యకూడదు. ఈ మూడోది మేం స్నేహితులతో కబుర్లు పెట్టుకోకూడదు అని ఆయన ఉద్దేశం, మేం మాత్రం మోడెంకి కూడా వర్తిస్తుందనుకుని దాని నోరు నొక్కేశాం.

కంప్యూటర్ ఎస్పీ రోడ్డులో, అంటే బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల బజారులో, అసెంబుల్ చేయించాం. సెలెరాన్ ప్రాసెసరు, 128 ఎంబీ ర్యామ్, ముగ్గురం చందాలేసుకున్నాం. షాపువాడు "ఇంటర్నల్ మోడెం ఫ్రీ సార్, యాభై ఆరు కే" అన్నాడు, ఫ్రీ అన్నాక మనం ఆగుతామా. విండోస్ లో అది బానే పనిచేసింది, మా గొడవంతా లైనక్స్ తోనే, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఓఎస్ అది. నేను చేసే చిన్న కంపెనీలో సర్వర్లన్నీ లైనక్స్, అక్కడ సీనియర్లు మౌసు లేకుండా ఆర్డర్లు టైపు చేసే టెర్మినల్ లో టకటకలాడిస్తుంటే నాకు విండోస్ లో మౌసు పట్టుకోవడమే సిగ్గుగా ఉండేది. పైగా ఆ రోజుల్లో ఉద్యోగాలు ఎప్పుడు పోతాయో తెలీదు, డాట్ కామ్ బుడగ పేలాక పని లేక బెంచి మీద కూర్చున్న మనవాళ్ళు మడివాళలో వీధికి పదిమంది. లైనక్స్ వస్తే ఇంకోచోట అయినా పనికొస్తాం అని ఆశ. సీడీలు దొరకడం కష్టం కాదు, పీసీక్వెస్ట్ పత్రికతో ఇచ్చేవాళ్ళు, ఆఫీసులో రెడ్‌హ్యాట్ 7.2 సీడీలు కూడా ఉండేవి. ఇన్‌స్టాల్ అయిపోయింది, స్క్రీన్ వచ్చింది, సౌండు కూడా వచ్చింది. మోడెం రాలేదు.

డబ్ల్యూవీడయల్ అని లైనక్స్ లో డయల్ చేసిపెట్టే ఒక ప్రోగ్రాం, దానికో కాన్ఫిగర్ చేసే తమ్ముడు, అది పోర్టులన్నీ ఒక్కొక్కటే తట్టి చూస్తుంది. టీటీవైఎస్ 0, టీటీవైఎస్ 1, టీటీవైఎస్ 2 అంటూ పోయి పోయి చివర్లో సారీ, మోడెం ఏదీ కనపడలేదు అనేది. విండోస్ లో కామ్ 1 అంటే ఇక్కడ టీటీవైఎస్ 0, లెక్క సున్నా నుంచి మొదలు, ఇది తెలుసుకోడానికే నాకు ఒక ఆదివారం పట్టింది. నెల్లూరోడు వెనకనుంచి "ఉచితంగా వచ్చిన ఓఎస్, ఉచితంగా వచ్చిన మోడెం, ఇద్దరూ కలిసి మనకి ఉచితంగా చూపిస్తా ఉండారు" అని వేళాకోళం.

తర్వాత తెలిసింది అది విన్‌మోడెం అని. అసలు మోడెంలో లోపల ఒక చిన్న బుర్ర ఉంటుంది, శబ్దాన్ని అంకెలుగా అంకెల్ని శబ్దంగా మార్చే లెక్కలన్నీ అదే చేసుకుంటుంది. విన్‌మోడెంలో ఆ బుర్ర తీసేసి లెక్కలన్నీ కంప్యూటర్ ప్రాసెసరు మీద పడేసి, ఆ లెక్కలు ఎలా చెయ్యాలో చెప్పే డ్రైవర్ విండోస్ కి మాత్రమే రాసిచ్చారు. వంటవాణ్ణి మానిపించేసి గిన్నెలు మాత్రం పంపినట్టు. అందుకే అంత చవక. లైనక్స్ వైపు జనాలు ఆ చిప్పుల్లో కొన్నిటికి డ్రైవర్లు సంపాదించి పెట్టారు గానీ అది మన చిప్పు అవునా కాదా తెలియాలి, తెలిశాక డౌన్‌లోడ్ చెయ్యాలి, డౌన్‌లోడ్ చెయ్యాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఇంటర్నెట్ రావాలంటే ఆ డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

దాంతో సైబర్ కెఫే. లోపలున్న కార్డుల వివరాలు చెప్పే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండు కొట్టి, వచ్చిన చిప్పు నంబర్లు ఒక కాయితం మీద రాసుకుని, జేబులో మూడు ఫ్లాపీలు పెట్టుకుని పోయేవాణ్ణి. ఫ్లాపీకి పట్టేది 1.44 ఎంబీ, డ్రైవర్ ఫైలు దానికన్నా పెద్దది, ముక్కలు చేసి మూడింట్లో ఎక్కించి ఇంటికొస్తే మూడో ఫ్లాపీ చదవదు. ఎప్పుడూ మూడోదే. మళ్ళీ కెఫే, మళ్ళీ డబ్బులు. నాలుగోసారికి కెఫేవాడు కన్నడంలో "ఏన్ సార్, దిన ఒందే ఫైల్?" అని, ఏంటి సార్ రోజూ ఒకటే ఫైలా అని, నవ్వాడు.

ఎలాగో ఫైలు చేరింది, కంపైల్ చేశాం, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) సోర్సు లేదంది, సీడీలోంచి అది ఎక్కించాం, వెర్షన్ కలవలేదంది, అది కూడా ఏదో బలవంతంగా దాటించాం, చివరికి ఆ డ్రైవర్ మాడ్యూల్ లోడ్ చేస్తే ఒక హెచ్చరిక ఇచ్చింది. ఈ మాడ్యూల్ కి సరైన లైసెన్సు లేదు కాబట్టి దీన్ని చేర్చుకుంటే కెర్నల్ "టెయింట్" అవుతుంది అని. కడపోడికి అర్థం చెప్పడానికి నాకు ఒక్కటే మాట తట్టింది, మైలపడుతుంది అని. వాడు సీరియస్ గా "మరి స్నానం చేయించాల్నా" అన్నాడు. చేయించాల్సే వచ్చింది, ఎందుకంటే పది నిమిషాలు డయల్ అయ్యి మొత్తం సిస్టం బిగుసుకుపోయింది, రీసెట్ బటన్ నొక్కితే అప్పటికి ఎక్స్‌టీ3 ఫైల్ సిస్టం ఉండబట్టి గానీ లేకపోతే అరగంట డిస్క్ చెకింగు. రెండోసారీ అంతే. మూడోసారి ఆ కార్డు పీకి అటకమీద పడేశాను.

మళ్ళీ ఎస్పీ రోడ్డు. ఈసారి సెకండ్ హ్యాండ్ లో ఎక్స్‌టర్నల్ మోడెం, సీరియల్ పోర్టుకి తగిలించేది, బుర్ర ఉన్నది. ఆ గల్లీల్లో మెట్లకింద కూడా షాపులుంటాయి, అలాంటి ఒక మెట్లకింద షాపులో దొరికింది. ముందు వరసగా ఎర్ర లైట్లు. ఓహెచ్ వెలిగితే ఫోన్ ఎత్తినట్టు, సీడీ (డిస్కు కాదు, క్యారియర్ డిటెక్ట్) వెలిగితే అవతలి మోడెం పలికినట్టు, ఆర్‌డీ మిణుకుమంటే డేటా వస్తున్నట్టు. ఇంటికి తెచ్చి తగిలించి మళ్ళీ ఆ తమ్ముడు ప్రోగ్రాం నడిపిస్తే టీటీవైఎస్ 0 మీదే పట్టేసింది. ఆ రోజు ముగ్గురం నాగార్జున హోటల్ కి పోయి భోజనం చేసొచ్చాం, అప్పులో ఉన్నా సరే.

మోడెం దొరికితే పనైపోయినట్టు అనుకున్నాం గదా, అక్కణ్ణుంచి అసలు కథ. మొదట డయల్ టోన్ లేదు అంది. ఫోన్ ఎత్తి వింటే టోన్ నిక్షేపంగా ఉంది. హౌటూ డాక్యుమెంట్లు అని ఉండేవి, సీడీలోనే వచ్చేవి, ఆ రోజుల్లో నాకు అవే గురువులు. అందులో చూసి ఇనిట్ స్ట్రింగ్ లో, అంటే డయల్ కి ముందు మోడెంకి ఇచ్చే ఆర్డర్ల వరసలో, ఎక్స్ 3 అని చేర్చా, అంటే టోన్ కోసం వెతక్కుండా గుడ్డిగా డయల్ చేసెయ్ అని. కాల్ పోయింది. అలా ఎందుకో ఆ రోజు నాకు తెలీదు.

తర్వాత పీపీపీడీ, ఫోన్ లైను కలిశాక దాని మీద ఇంటర్నెట్ నడిపించే ప్రోగ్రాం. నేను మగాణ్ణి కాబట్టి డబ్ల్యూవీడయల్ వద్దు చాట్ స్క్రిప్టు నేనే రాస్తా అని దిగాను. కనెక్ట్ అయ్యాక అది ఏమందంటే అవతలి సిస్టం తనెవరో నిరూపించుకోవాలి, కానీ అది చెప్పే పాస్‌వర్డ్ సరిచూసుకోడానికి నా దగ్గర ఏమీ లేదు, కాబట్టి ఉంటా. చూడండి దీని పొగరు. డబ్బులు కట్టి కనెక్షన్ తీసుకున్నది మేం, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని పట్టుకుని మా సెలెరాన్ నువ్వెవరు ఆధారం చూపించు అంటోంది. చివరికి మొగతనం పక్కన పెట్టి డబ్ల్యూవీడయల్ కే వచ్చా. అందులో ఒక ఆప్షన్ ఉంటుంది, పేరు స్టుపిడ్ మోడ్. నిజంగానే అదే పేరు. లాగిన్ ప్రాంప్టు వస్తుందేమో పాస్‌వర్డ్ అడుగుతుందేమో అని తెలివిగా ఎదురుచూడకుండా కనెక్ట్ అవ్వగానే నేరుగా పీపీపీ మొదలుపెట్టేస్తుంది. దానికి ఒకటి అని పెట్టగానే లాగిన్ అయిపోయింది. ఐపీ అడ్రస్ వచ్చింది. ముగ్గురం లేచి నిలబడ్డాం.

బ్రౌజర్ తెరిస్తే ఏ పేజీ రాదు. పింగ్ కొడితే, అంటే అవతల పలుకుతారా అని చిన్న డేటా ప్యాకెట్ పంపి చూస్తే, పోయిన ప్యాకెట్ పోయినట్టే, ఉలుకూ పలుకూ లేదు. రెండు రాత్రులు దీనికే పోయాయి. మా తప్పేంటంటే పక్కింటి కుర్రాళ్ళతో గేమ్స్ ఆడటానికి ఒక ల్యాన్ కార్డు పెట్టి, దానికి గేట్‌వే అని, అంటే బయటికి పోయే గుమ్మం ఇదీ అని, ఒక అడ్రస్ కూడా భక్తిగా రాసి పెట్టాం. దాంతో ఇంటర్నెట్ కి పోవాల్సిన ప్రతి ప్యాకెట్టూ ల్యాన్ కార్డులోంచి పక్కింటికి పోతోంది, పక్కింటివాడు ఆ టైంలో కంప్యూటర్ ఆపేసి నిద్రపోతున్నాడు. పీపీపీడీ పాపం చెప్తూనే ఉంది, ఈత్0 కి, అంటే ల్యాన్ కార్డుకి, ఆల్రెడీ డిఫాల్ట్ రూట్ (మామూలుగా బయటికి పోయే దారి) ఉంది, దాన్ని నేను మార్చను అని, లాగ్ లో. లాగ్ ఎవడు చదివాడు. ఇంకో విచిత్రం, అంతకుముందు నువ్వెవరు అని పొగరుగా అడిగిందే, అది కూడా దీనివల్లే. డిఫాల్ట్ రూట్ ఆల్రెడీ ఉన్న మెషీన్లో పీపీపీడీ అవతలివాణ్ణి గుర్తింపు అడుగుతుంది, అది దాని రూలు. ఒకటే రోగం, రెండు చోట్ల లక్షణాలు. రూట్ తీసేశాం, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో డీఎన్ఎస్ (సైట్ల పేర్లని నంబర్లుగా మార్చిపెట్టే సర్వర్లు) అడ్రసులు రాశాం, పేజీ వచ్చింది.

మొదట తెరిచింది తెలుగు పేపరు. అదేమో గజిబిజి. అప్పట్లో అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి కోడైన యూనికోడ్ ఇంకా మన పేపర్ల దాకా రాలేదు, ఒక్కో పేపరుకి ఒక్కో సొంత ఫాంటు, ఆ ఫాంటు విండోస్ లో అయితే దానంతటదే దిగేది, మన లైనక్స్ లో "ఎ" కింద కొమ్ము, పక్కన డాలరు గుర్తు, మధ్యలో జర్మన్ అక్షరాలు. అంత కష్టపడి లైను తెచ్చుకుని తెలుగు చదవలేకపోవడం, సర్లెండి, ఆ బాధ వేరే పోస్టు.

ఇక్కడికి దాదాపు రెండు నెలలు. జూలై వచ్చేసింది, బెంగళూరు వాన మీకు తెలుసుగా, పెద్దగా కురవదు, ఆగదు. అప్పుడు మొదలైంది అసలు జబ్బు. కనెక్ట్ అవుతుంది, నాలుగైదు నిమిషాలకి కట్. ఒక్కోసారి రెండు నిమిషాలకే. సీడీ లైటు ఆరిపోతుంది, అంతే. నేనేమో సాఫ్ట్‌వేర్ మనిషిని, కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్ లోనే ఉంటుందని నమ్మకం. ఎంటీయూ అనే ప్యాకెట్ సైజు మార్చా, కంప్రెషన్ ఆపా, పోర్టు స్పీడు తగ్గించా, కార్డులకిచ్చే ఐఆర్‌క్యూ నంబర్లు తిరగేశా, మొజిల్లా 1.0 అప్పుడే వచ్చింది ఏమైనా అదేనేమో అని దాన్ని కూడా తీసేశా, దానికీ లైనుకీ ఏం సంబంధమో ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కనెక్ట్ 115200 అని చూపించేది, చూసి మురిసిపోయేవాళ్ళం, అది కంప్యూటర్ కీ మోడెంకీ మధ్య స్పీడు అనీ లైను మీద స్పీడు కాదనీ చాలా ఆలస్యంగా తెలిసింది. డబ్ల్యూ 2 అని పెడితే అసలు స్పీడు చెప్తుంది. పెట్టి చూస్తే 26,400. యాభై ఆరు వేలల్లో సగం కూడా లేదు.

ప్రతి కట్ కీ మళ్ళీ డయల్, ప్రతి డయల్ కీ ఒక కాల్, ఆ నెల బిల్లు వచ్చింది. పెద్దాయన బిల్లు పట్టుకుని కిందికి దిగారు. 172 తో మొదలయ్యే నంబరుకి ఇన్ని కాల్సా అని ఆయన అనుమానం ఇంకోలా ఉంది పాపం, కుర్రాళ్ళు ఏం చేస్తున్నారో అని.

"ఏమప్పా, ఒగే నంబరుకి దినానికి నలబై సార్లు చేస్తా ఉండారు, ఎవురిది ఈ నంబరు?"

చెప్పాం. ఇంటర్నెట్ అంకుల్, కట్ అయిపోతోంది అంకుల్, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంకుల్. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని "చెయ్యప్పా చూస్తాం" అన్నారు. చేశాను. లైట్లు వెలిగాయి, నిశ్శబ్దం. ఆయన కాసేపు చూసి "ఇది మాట్లాడదా?" అన్నారు.

మాట్లాడుతుంది అంకుల్, మీకు డిస్టర్బెన్స్ అవుతుందని ఆఫ్ చేశాం అన్నాను, కొంచెం మంచి పేరొస్తుందేమో అని.

"దాని నోరు ఎందుకప్పా నొక్కేసినావు. అది వాగితే గదా ఏమాయ అని తెలిసేది."

ఎమ్ సున్నా తీసి ఎమ్ 1 పెట్టాను. డయల్ చేశాను. టోన్ రాగానే ఆయన వేలు పైకెత్తారు. అప్పుడు చెప్పారు ఎక్స్ 3 సంగతి. మన ఎక్స్చేంజీ టోను 400 హెర్ట్జ్, దానిమీద 25 హెర్ట్జ్ కలిపి ఉంటుంది, అందుకే ఆ బుర్రుమనే మోత, అమెరికావాడిది 350, 440 రెండూ కలిసిన టోను, నీ మోడెం ఆ టోనుకి అలవాటు పడింది మన టోను దానికి టోనే కాదు అన్నారు. నేను హౌటూలో చూసి మంత్రంలా చదివింది ఆయన నోట్లోంచి మామూలుగా, ఉప్పు ఎక్కువైందంటే అన్నంత మామూలుగా వచ్చింది.

అవతల ఎత్తగానే సన్నటి కీచు. "ఇది 2100. మధ్యమధ్యలో టక్ టక్ మని తిరుగుతా ఉండాది విన్నావా? లైన్లో ఎకో ఆపేది ఉంటాది గదా, దాన్ని పడుకోమని చెప్పేది ఇది." రెండు మోడెంలు మాట్లాడుకునేప్పుడు ఆ ఎకో క్యాన్సిలర్లు అడ్డం కాకూడదు, అందుకే ఆ 2100 హెర్ట్జ్ టోను సెకనులో సగానికి కొంచెం తక్కువకొకసారి ఫేజు తిప్పుతుంది, అంటే అలని తలకిందులు చేస్తుంది, ఇదంతా నేను తర్వాత చదువుకున్నది, ఆయన చెవులతో చెప్పారు. ఆ తర్వాత గుర్రు, మళ్ళీ గుర్రు, బొయ్, మళ్ళీ గుర్రు. ఆయన ముఖం చిట్లించారు. "ఇది సరిలేదు. రెండు సార్లు అడిగి మళ్ళా కిందికి దిగతా ఉండాది." అంటే పై స్పీడుకి కుదరక కింద స్పీడుకి రాజీ పడుతోందని. నెల్లూరోడు నావైపు చూశాడు, నెలరోజులు నువ్వు చేసింది ఇదీ అన్నట్టు.

లైను వదిలేసి ఫోన్ తగిలించమన్నారు. ఎత్తి ఒక అంకె నొక్కారు, టోను ఆగిపోయాక మిగిలేది వింటున్నారు. నా చెవి దగ్గర పెట్టారు. నూనెలో ఆవాలు వేస్తే చిటపటలాడుతుంది చూడండి, దూరంగా, అలా. మాట్లాడుకునేప్పుడు అది మనకి తెలియనే తెలియదు, మన చెవి దాన్ని వదిలేస్తుంది. మోడెం ఎక్కడ వదులుతుంది.

ఆ వానలోనే గొడుగు నాకిచ్చి పట్టుకోమని నిచ్చెనేశారు, అరవై దాటిన మనిషి. పైన ఆంటీ బాల్కనీలోంచి కేకలు. ముందు వీధిలోంచి వచ్చే వైరు చూశారు, బానే ఉంది. ఫోన్ వైర్లు కలిసే రోజెట్ డబ్బా విప్పి చూశారు, బానే ఉంది. పై ఫోన్ ప్లగ్గు పీకి విన్నారు, చిటపట అలానే ఉంది. అక్కణ్ణుంచి కిందికి మా రూముకి వచ్చే వైరు వెంబడి గోడ మీద చేత్తో తడుముకుంటూ వచ్చి మా కిటికీ సన్‌షేడ్ పైన ఆగారు. అక్కడ వైరు పొడుగు చాలక ఒక అతుకు. చుట్టూ నల్ల టేపు, టేపు ఊడి వేలాడుతోంది, సన్‌షేడ్ మీద నిలిచిన నీళ్ళు సరిగ్గా దాంట్లోకి దిగుతున్నాయి. లాగితే లోపల రాగి పచ్చగా పాచిపట్టినట్టు అయిపోయింది.

నేను మామూలుగానే అడిగాను, ఈ అతుకు ఎవరేశారు అంకుల్ ఇంత దరిద్రంగా అని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనే గదప్పా" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నిచ్చెనేసుకుని లాగింది ఆయనే. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఫ్యాక్టరీలో చేసిన మనిషి, ఇంట్లో పని గదా అని టేపు చుట్టేసి ఊరుకున్నాడు. ఆయన మొహం చూసి మాకు నవ్వు రాలేదు, తర్వాత రూములో వచ్చింది గానీ.

ఆ సాయంత్రమే ఎక్కణ్ణుంచో అతుకు లేని కొత్త వైరు తెచ్చారు, రోజెట్ నుంచి మోడెం దాకా ఒకటే ముక్క. మేం డబ్బులిస్తామంటే తీసుకోలేదు, పైగా ఆ నెల బిల్లులో మా వాటా కూడా సగం తగ్గించారు, ఎందుకని అడిగితే కసిరారు. డయల్ చేశాం, ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, కీచు, గుర్రు, బొయ్ బొయ్, ఒక్కసారే, తర్వాత వాన పడుతున్నట్టు షూ మని పొడుగ్గా. తలూపారు. స్క్రీన్ మీద 45,333.

ఆ రాత్రి కెర్నల్ సోర్సు డౌన్‌లోడ్ పెట్టాను, సుమారు పాతిక ఎంబీ, గంటన్నర పైనే, ఒక్కసారి కూడా కట్ అవ్వలేదు. అవసరం ఏమీ లేదు దాంతో, ఊరికే, కట్ అవ్వట్లేదని చూసుకోడానికి.

ఎమ్ సున్నా మళ్ళీ పెట్టలేదు. మోత తక్కువ చేసే ఎల్ 1 పెట్టాం అంతే. పైనుంచి ఆయన వినేవారు. పొద్దున్న పాలకోసం వెళ్తూ కిటికీ దగ్గర ఆగి "రాత్రి రెండోసారికి పట్టింది, ఎక్స్చేంజీ బిజీ ఉండె ఏమో" అనేవారు. ఆంటీకి కూడా తెలిసిపోయేది. "పదకొండుకి మళ్ళా చేసినారంట గదా, నిద్ర పోరా" అని. కూతురి ఫోన్ టైములో మేం పొరపాటున డయల్ చేస్తే మాత్రం పైన రిసీవర్ ఎత్తేవారు, మోడెం చచ్చేది, అది సరిపోయే శిక్ష.

2005 లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. 256 కే, అదే లైను మీద, ఫోనూ నెట్టూ రెండూ ఒకేసారి. అప్పటికి కడపోడు పెళ్ళిచేసుకుని వెళ్ళిపోయాడు, నెల్లూరోడు అమెరికా, నేనొక్కణ్ణే అదే రూములో. మోడెం అని తెల్ల డబ్బా ఇచ్చారు, దాన్ని లైనక్స్ కి తగిలించడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు, నెట్‌వర్క్ కార్డులో పెట్టి అడ్రస్ ఇస్తే అయిపోయింది. ఏదో లోటుగా ఉండి పెద్దాయన్ని పిలిచాను చూడమని.

వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నారు. పేజీలు టకటకా వస్తున్నాయి, చూశారు. ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నారు, టోను మామూలుగా వస్తోంది. ఒక అంకె నొక్కి విన్నారు. నాకిచ్చారు, విన్నాను, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది.

"నెట్టు ఇప్పుడు నడస్తా ఉండాదా?"

నడుస్తోంది అంకుల్.

మళ్ళీ తీసుకుని విన్నారు. "ఏమీ పలకదే" అన్నారు. పెట్టేసి, పాత మోడెం ఏం చేస్తావు అని అడిగారు. ఏం చేస్తాను అంకుల్, పక్కన పెడతాను అన్నాను. అయితే ఇటియ్యి అని, పవర్ అడాప్టరు కూడా వెతికి ఇప్పించుకుని, వైరు చుట్టుకుంటూ మెట్లెక్కి పోయారు.